రేపు మళ్లీ మన గడపకు వచ్చేవాడి మాట



ఈసారి కొంచెం చరిత్ర చెప్పుకుందాం. చాలా పాత చరిత్రేమీ కాదు. మనమందరం కళ్లారా చూసిందే. అయినా అప్పుడే మరచిపోతున్నాం గనుక రాసి పెట్టాలనిపించింది. నా తప్పు ఒకటి కూడా ఇందులో ఉంది. దాన్ని చివరలో చెబుతాను.

2021 మార్చి నెల. 60 ఏళ్లు దాటిన వారికి కరోనా టీకా వేయడం ఆ నెల 1వ తేదీన మొదలైంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మన సంఘంలోని ఒక పెద్దమ్మ చెప్పులు వేసుకుంటూ ఆగి నన్ను అడిగింది: "అయ్యగారూ, అందరు సూది ఏసుకుంటున్రు. నేను ఏసుకోవన్నా, వద్దా? మీరెట్ల చెప్తే అట్ల చేస్త."

నేను చెప్పిన జవాబు ఇది: "ప్రార్థన చేద్దామమ్మా. ప్రభువే దారి చూపిస్తాడు."

పైకి ఇది భక్తిగల జవాబే. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. ఆ మాట ఎంత దూరం వెళ్లిందో నాకు రెండు నెలల తర్వాత తెలిసింది. అది చెప్పేముందు ఒక సంవత్సరం వెనక్కి వెళ్దాం.

కరీంనగర్, 2020 మార్చి

తెలంగాణలో మొదటి కరోనా కేసు 2020 మార్చి 2న బయటపడింది. దుబాయి నుంచి బెంగళూరు మీదుగా వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి వైరస్ ఉందని తేలింది. అప్పటికి మనకు అది హైదరాబాద్ సంగతి. మన దాకా రాదనుకున్నాం. ఎండలు ముదిరితే పోతుందన్నారు కొందరు. మన కరీంనగర్, రామగుండం ఎండల ముందు ఏ పురుగైనా బతుకుతుందా అని నవ్వుకున్నాం.

రెండు వారాలు తిరగకముందే ఆ మాట అబద్ధమైంది. ఇండోనేషియా నుంచి మత ప్రచారానికి వచ్చిన ఒక బృందం ఢిల్లీలో సంపర్క్ క్రాంతి రైలెక్కి రామగుండంలో దిగి, మార్చి 14న కరీంనగర్ చేరింది. నాలుగైదు రోజుల్లోనే ఆ బృందంలో పలువురికి వైరస్ ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. వారిని హైదరాబాద్ తరలించారు. ఒక్కసారిగా దేశమంతా కరీంనగర్ పేరు వినిపించింది. కలెక్టరేట్ చుట్టుపక్కల, ముకరంపుర వైపు వీధులకు కంచెలు పడ్డాయి. మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగింది. అదే రోజు రాష్ట్ర ప్రభుత్వం లాక్‌డౌన్ ప్రకటించింది. మన ప్రార్థనా మందిరాలకు కూడా తాళాలు పడ్డాయి.

ఆ వారంలో రెండు రకాల సమాచారం మన ఇళ్లకు వచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది ఫోనులో వచ్చింది. వెల్లుల్లి నీళ్లు తాగితే రాదని, గంటకోసారి వేడినీళ్లు మింగితే గొంతులోనే చస్తుందని, కోడికూర తింటే వస్తుందని. కోడికూర పుకారు ఎంత బలంగా పాకిందంటే, అంతకు ముందే, ఫిబ్రవరి 28న, హైదరాబాద్ ట్యాంక్‌బండ్ దగ్గర రాష్ట్ర మంత్రులు వేదికెక్కి జనం ముందు చికెన్ ముక్కలు తిని చూపించాల్సి వచ్చింది. మన హుజూరాబాద్ నుంచి గెలిచి అప్పుడు ఆరోగ్య మంత్రిగా ఉన్న ఈటల రాజేందర్ గారు కూడా వారిలో ఉన్నారు. అయినా కోళ్ల ఫారాల వాళ్లు నష్టపోయారు. మన ఊరి చుట్టుపక్కల కోళ్లను దాదాపు ఊరికే పంచిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి.

రెండోది కాళ్లమీద నడిచి వచ్చింది. కరీంనగర్ పట్టణంలో సుమారు వంద వైద్య బృందాలు ఇల్లిల్లూ తిరిగాయి. తలుపు కొట్టి అడిగాయి: ఇంట్లో ఎంతమంది? ఎవరికైనా జ్వరమా, దగ్గా? బయటి దేశం నుంచి ఎవరైనా వచ్చారా? పేర్లు రాసుకున్నాయి. విదేశం నుంచి వచ్చినవారి చేతిమీద ముద్ర పడింది. పద్నాలుగు రోజులు ఇల్లు దాటవద్దని చెప్పి వెళ్లినవాళ్లు, తర్వాత మళ్లీ వచ్చి ఎట్లా ఉన్నారని అడిగారు.

"మళ్లీ వచ్చి అడిగారు" అన్న మాటను గుర్తుపెట్టుకోండి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మంచిర్యాల, జగిత్యాల, సిరిసిల్ల వైపు గల్ఫ్‌కు పోయిన కొడుకులు లేని ఊరు ఉండదు. ఆ రోజుల్లో ఇంటికొచ్చిన కొడుకును చూసి తల్లి సంతోషించాలో, భయపడాలో తెలియలేదు. అటువంటి తల్లికి ఫోనులో వచ్చిన వంద మెసేజ్‌లు ఇవ్వలేని ధైర్యం, గుమ్మం బయట నిలబడి, మూతికి గుడ్డ కట్టుకొని, "అక్కా, పిల్లగానికి జరం ఉన్నదా? రేపు మళ్ల వస్త" అన్న ఆశా కార్యకర్త ఇచ్చింది.

పుకారుకు ఒక మనిషి కావాలి

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. మార్చి చివరిలో ఢిల్లీ నిజాముద్దీన్ సమావేశం వార్త బయటికి వచ్చాక, ఫోనుల్లో వచ్చే సమాచారం రంగు మారింది. వైరస్ ఎట్లా వస్తుందన్న ప్రశ్న పక్కకు పోయింది. ఎవరు తెచ్చారన్న ప్రశ్న ముందుకు వచ్చింది. కావాలనే ఉమ్ముతున్నారని, పండ్లకు పూస్తున్నారని వీడియోలు తిరిగాయి. వాటిలో చాలావరకు ఎక్కడివో, ఎప్పటివో పాత వీడియోలని ఆ తర్వాత తేలింది.

మన ఊరికి ఏళ్ల తరబడి బండి మీద కూరగాయలు తెచ్చే ముస్లిం అన్నను ఆ ఏప్రిల్‌లో ఊరి పొలిమేర దగ్గరే ఆపేశారు. ఆపినవారిలో మన సంఘంవారు కూడా ఇద్దరు ఉన్నారు. నేను వారిని గద్దించలేదు. పది ఆజ్ఞలను చిన్నపిల్లల చేత కంఠస్థం చేయించేవాడిని. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ ఫోనుకు కూడా వర్తిస్తుందని ఆ రోజు చెప్పలేకపోయాను.

నిజానికి అప్పుడు "కరీంనగర్" అన్న పేరే ఒక భయం. మనం ఏ ఊరివాళ్లమో చెబితే వేరే జిల్లాలవాళ్లు ఒక అడుగు వెనక్కి వేసిన రోజులవి. మనల్ని చూసి అట్లా అన్నప్పుడు మనకు ఎంత బాధ కలిగింది! అదే బాధను మనం ఇంకొకరికి పంచాం.

ఆ ఏప్రిల్ 7న వాట్సాప్ సంస్థ ఒక మార్పు తెచ్చింది. చాలాసార్లు చేతులు మారిన మెసేజ్‌ను ఒకసారికి ఒక్కరికే పంపేలా కట్టడి పెట్టింది. యంత్రమే మన వేలును పట్టుకొని ఆపాల్సి వచ్చిందన్నమాట! ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ తప్పుడు సమాచారపు వరదకు ఒక పేరు కూడా వాడింది, ఇన్ఫోడెమిక్ అని. అంటే వ్యాధితో పాటు మాటల మహమ్మారి కూడా వచ్చిందని.

ఒక సీసా, ఐదేళ్లు

ఇది మన కాలంలోనే మొదలైందనుకుంటే పొరపాటు. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. వాల్డెమార్ హాఫ్కిన్ అనే శాస్త్రవేత్త అక్కడ టీకా తయారుచేశాడు. జనం నమ్ముతారా? 1897 జనవరి 10న ఆయన ఆ మందును ముందుగా తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. ఆ తర్వాతనే ఇతరులకు వేయడం మొదలుపెట్టాడు.

అయినా 1902లో పంజాబ్‌లోని ముల్కోవాల్ అనే ఊరిలో ఘోరం జరిగింది. ఒకే సీసాలోని మందు తీసుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. నింద హాఫ్కిన్ మీద పడింది. ఆయన ఉద్యోగం పోయింది. ఆ సీసా మూత తీసేటప్పుడు ఊరి దగ్గరే మలినం చేరి ఉంటుందని, ప్రయోగశాల తప్పు కాదని వాదించినవారిలో రోనాల్డ్ రాస్ ముఖ్యుడు. మలేరియా క్రిమిని దోమ కడుపులో మొదట చూసింది ఆయనే, అదీ మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. 1907లో గాని హాఫ్కిన్ మీద మచ్చ తొలగలేదు.

ఒక్క సీసా చేసిన గాయం మానడానికి ఐదేళ్లు పట్టింది. ఆ మధ్యలో టీకా వద్దని తలుపు మూసుకున్నవారిని మూఢులని ఎట్లా అనగలం? వారి చెవికి చేరిన వార్త నిజమే. సగం నిజం. నమ్మకం విషయంలో మనం గుర్తుంచుకోవలసింది ఇదే. భయపడినవాడు తెలివితక్కువవాడు కానక్కరలేదు. అతని భయానికి ఎదురుగా కూర్చొని జవాబు చెప్పే మనిషి దొరకకపోవడమే చాలాసార్లు అసలు లోటు.

మసూచి కథ ఇంకో వైపు చూపిస్తుంది. మన పెద్దలు దాన్ని అమ్మవారు పోసిందనేవారు. 1970లలో దాన్ని తుదముట్టించడానికి దేశమంతటా ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగారు. వారి చేతిలో ఒక అట్ట ఉండేది. దానిమీద మసూచి సోకిన పసిబిడ్డ బొమ్మ. చదువురానివారికి కూడా చూపించి "ఇటువంటిది ఎక్కడైనా చూశారా?" అని అడిగేవారు. కేసు చూపించినవారికి బహుమతి ఇచ్చేవారు. ఆ పద్ధతిలో ఒక గొప్ప మర్యాద ఉంది, గమనించారా? పల్లె మనిషికి చెప్పడానికి మాత్రమే వాళ్లు రాలేదు. పల్లె మనిషిని అడగడానికి కూడా వచ్చారు. మనల్ని అడిగినవాడి మాటను మనం వింటాం. 1975 మేలో మన దేశంలో చివరి మసూచి కేసు నమోదైంది. 1977లో దేశం దాని నుంచి విముక్తమైందని ధ్రువీకరించారు.

డిచ్‌పల్లిలో నిలబడినవారు

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లిలో ఉంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున ఆ ప్రాంతంలో పనిచేశారు. కుష్ఠురోగులను ఊరవతలికి తరిమిన కాలమది. నర్సాగౌడ్ అనే హిందూ దాత ఇచ్చిన సాయంతో 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి లేచింది. 1920లలో హిడ్నోకార్పస్ నూనెను సూదిమందుగా ఇచ్చే కొత్త వైద్యం అక్కడికి వచ్చింది.

ఆ నూనె సంపూర్ణమైన మందు కాదు. అంతకంటే మేలైన మందులు తర్వాతి దశాబ్దాల్లో వచ్చాయి. అయితే ఆ దంపతులు ఒక ప్రకటన చేసి వెళ్లిపోయినవారు కారు. అక్కడే కాపురముండి, ఏళ్ల తరబడి అవే చేతులతో అవే పుండ్లు కడిగారు. నిన్న సూది వేసిన మనిషి ఈ రోజు కూడా అక్కడే ఉంటే, మందు పనిచేసినా చేయకపోయినా అడగడానికి ఒక ముఖం ఉంటుంది. హిందూ దాత, క్రైస్తవ వైద్యురాలు, నిజాం రాజ్యం, అన్ని కులాల రోగులు. నమ్మకం అక్కడ మతం గోడ దాటి పెరిగింది.

కరీంనగర్ వైపు సేవకు రాకముందు కొన్నేళ్లు నేను ఆదిలాబాద్ వైపు ఉన్నాను. ఉట్నూరు, జైనూరు వైపు గూడేల్లో వానాకాలం జ్వరాలు వస్తే సమాచారం ఎట్లా పాకుతుందో అక్కడ చూశాను. తెలుగులో అచ్చువేసిన పోస్టరు గోడమీద ఉండేది. దాన్ని చూసేవారే తప్ప చదివేవారు తక్కువ. గూడెం పటేల్ గోండిలో ఒక మాట చెబితే అందరూ కదిలేవారు. ఇది ఇప్పటి సంగతి మాత్రమే కాదు. మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ నిజాం ప్రభుత్వ కాలంలో గోండుల చదువు కోసం మార్లవాయిలో 1943లో బడి కేంద్రం పెట్టించినప్పుడు, గోండులనే గురువులుగా తయారుచేసి, గోండిలోనే వాచకాలు సిద్ధం చేయించాడు. తల్లి భాషలో రాని మాట చెవి దాకా వస్తుంది గాని కడుపులోకి దిగదు. కరోనా టీకాల కాలంలో కూడా గూడేల్లో భయం పోగొట్టింది పెద్ద అధికారి ఉపన్యాసం కంటే, అదే గూడెంలో పుట్టి అదే భాష మాట్లాడే ఆశా కార్యకర్త.

దాచిపెడితే పుకారు పుడుతుంది

ప్రభుత్వం వైపు లోపాన్ని కూడా న్యాయంగా చెప్పుకోవాలి. రాష్ట్ర ఆరోగ్య శాఖ రోజూ బులెటిన్ ఇచ్చేది. ఎన్ని కేసులు, ఎంతమంది కోలుకున్నారు, ఎంతమంది చనిపోయారు అని. 2020 వేసవిలో పరీక్షలు తక్కువ చేస్తున్నారని, బులెటిన్‌లో వివరాలు చాలడం లేదని రాష్ట్ర హైకోర్టు పలుమార్లు ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. ప్రజలకు పూర్తి సమాచారం ఇవ్వాలని ఆదేశించింది. ఆ తర్వాత బులెటిన్‌లో వివరాలు పెరిగాయి.

పైనుంచి వచ్చే మాటలో ఏదో దాస్తున్నారన్న అనుమానం కలిగితే, జనం పక్కదారిలో వెతుక్కుంటారు. ఊరి బావి ఎండితే గుంట నీళ్లయినా ముంచుకుంటారు కదా.

2021 ఏప్రిల్, మే నెలల్లో రెండో అల వచ్చినప్పుడు అదే చూశాం. ఆక్సిజన్ కోసం, పడక కోసం, ఇంజెక్షన్ కోసం జనం ఫోనులు పట్టుకొని ఏడ్చారు. అదే మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో బొనిగి ఆనందయ్య గారు ఇచ్చే మూలికల మందు కోసం వేలాదిమంది క్యూ కట్టారు. మన తెలంగాణ నుంచి కూడా బండ్లు కట్టుకొని పోయారు. గుంపు చేయి దాటి పంపిణీ ఆపాల్సి వచ్చింది. మే 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంట్లో వేసే చుక్కలు తప్ప కొన్ని రకాలకు అనుమతి ఇచ్చింది. వాటివల్ల హాని లేదన్నారు గాని, కరోనాను నయం చేస్తుందనడానికి రుజువు ఉందని చెప్పలేదు. "హాని లేదు" అన్న మాట ఊరికి వచ్చేసరికి "నయం చేస్తుంది" అయిపోయింది. ఒక మాట రెండు ఊళ్లు దాటితే ఎంత మారుతుందో చూడండి.

ఆ క్యూలో నిలబడినవారిని నేను ఎగతాళి చేయను. ఆసుపత్రి తలుపు మూసి ఉంది. ఆ మనిషి తలుపు తెరిచి ఉంది. ఉచితంగా ఇస్తున్నాడు. ఎదురుగా కనిపిస్తున్నాడు. మనిషి కష్టంలో వెతికేది ముందుగా ముఖాన్ని, ఆ తర్వాతే రుజువును. కాబట్టి రుజువు ఉన్న మాటకు ఒక ముఖం ఉండేలా చూడడం మన బాధ్యత.

సరిగ్గా అదే సమయంలో, మే మొదటి వారంలో, తెలంగాణ ప్రభుత్వం జ్వర సర్వే మొదలుపెట్టింది. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు మళ్లీ గడపగడపకు వచ్చారు. జ్వరం ఉన్నవారికి పరీక్ష ఫలితం కోసం ఆగకుండా మందుల కిట్టు చేతిలో పెట్టారు. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పారు. ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి పొమ్మన్నారు. గొప్ప వార్తలకెక్కలేదు గాని, మన ఊళ్లో చాలామంది భయంలో ఉన్నప్పుడు పట్టుకున్న చేయి అదే.

యాజకుడు, పనిపిల్ల

లేవీయకాండము 13వ అధ్యాయం చదివేటప్పుడు చాలామంది విసుగుతో పేజీ తిప్పేస్తారు. నేనూ బైబిలు కళాశాలలో అట్లాగే తిప్పాను. కరోనా తర్వాత దాన్ని మళ్లీ చదివాను. ఒంటిమీద మచ్చ వచ్చినవాడు యాజకుని దగ్గరికి వస్తాడు. యాజకుడు మందు ఇవ్వడు. అద్భుతం చేస్తానని చెప్పడు. చూస్తాడు. తేల్చుకోలేకపోతే ఏడు రోజులు వేరుగా ఉంచుతాడు. ఏడో రోజున మళ్లీ వచ్చి చూస్తాడు. ఇంకా తేలకపోతే మరో ఏడు రోజులు. ఆ తర్వాతనే చెబుతాడు.

కలిపితే పద్నాలుగు రోజులు! నేను దీనిలో రహస్య ప్రవచనమేదీ వెతకడం లేదు. నాకు నచ్చింది వేరే. తెలియనప్పుడు తెలియదని ఒప్పుకోవడం, ఆగడం, మళ్లీ వచ్చి చూడడం. దేవుని సేవకుని పనిలో ఇది ఒక భాగమని ధర్మశాస్త్రం అనుకుంది. తెలియకుండానే తొందరపడి "ఏం కాదు" అనే హక్కు గాని, "చస్తావు" అనే హక్కు గాని ఆ యాజకునికి లేదు.

ఇక రెండో రాజుల గ్రంథం 5వ అధ్యాయంలో నయమాను సంగతి మీకు తెలుసు. సిరియా సైన్యాధిపతి, కుష్ఠురోగి. అతనికి సరైన సమాచారం ఎవరు ఇచ్చారు? రాజు కాదు, రాజవైద్యులు కాదు. అతని ఇంట్లో పనిచేసే చెరపట్టిన చిన్నపిల్ల. ప్రవక్త దగ్గరికి పోతే బాగవుతాడని ఆమె చెప్పింది. ఆ ఇంటివాళ్లు ఎందుకు నమ్మారు? నాకు తోచేది ఒక్కటే. ఆమె ఆ ఇంట్లోనే ఉంటుంది. రేపు పొద్దున కూడా ఆ యజమానురాలి ముఖం చూడాలి. అబద్ధం చెప్పి తప్పించుకోగలిగిన చోటు ఆమెకు లేదు. తర్వాత నయమాను కోపంతో తిరిగిపోతుంటే, యొర్దానులో మునగమని నచ్చజెప్పినవారు కూడా అతని సేవకులే.

మన దేశంలో టీకాలు మొదలైన 2021 జనవరి 16న, తెలంగాణలో మొదటి టీకా గాంధీ ఆసుపత్రిలోని ఒక పారిశుద్ధ్య కార్మికురాలికి వేశారు. ఆ వార్త చూసినప్పుడు నాకు నయమాను ఇంటి పనిపిల్ల గుర్తుకు వచ్చింది. పెద్దలకు దారి చూపేవారు చాలాసార్లు ఇల్లు ఊడ్చేవారే.

నా తప్పు

ఇప్పుడు ఆ పెద్దమ్మ సంగతికి వస్తాను.

నేను "ప్రార్థన చేద్దాం" అన్నప్పుడు నా మనసులో ఏముందో నిజాయితీగా చెబుతాను. నాకు అప్పటికి 45 ఏళ్లు నిండలేదు గనుక టీకా వంతు రాలేదు. ఒక సేవకుడు పంపిన వీడియో చూసి నాకూ లోపల అనుమానం ఉంది. వేసుకోమంటే, ఏదైనా జరిగితే నా మీదికి వస్తుంది. వద్దంటే, అదీ నా మీదికే వస్తుంది. అందుకే రెండూ కాని మాట ఒకటి చెప్పి, దానిమీద ప్రభువు పేరు పెట్టాను. ప్రార్థన చేశానా? ఆ ఒక్క రోజు చేశాను. పీహెచ్‌సీకి పోయి డాక్టరును అడిగానా? లేదు. మళ్లీ ఆమె ఇంటికి పోయి జవాబు చెప్పానా? లేదు.

మే నెలలో ఆమెకు జ్వరం వచ్చింది. మూడో రోజుకు ఆయాసం మొదలైంది. కొడుకు కరీంనగర్‌లో పడక కోసం ఒక రాత్రంతా తిరిగాడు. పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. దేవుని కృపవల్ల, డాక్టర్ల, నర్సుల కష్టంవల్ల ఇంటికి తిరిగి వచ్చింది. వాకిట్లో మంచం మీద కూర్చున్న ఆమెను చూడడానికి వెళ్లాను. మాటల్లో అడిగాను, "టీకా ఎందుకు వేసుకోలేదమ్మా?" అని.

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "మీరు వద్దన్నరనుకున్న అయ్యగారూ."

"నేను వద్దనలేదు కదమ్మా."

"ఏసుకొమ్మని కూడా అనలె గదా."

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే అది ఇంకా లోతుగా దిగింది. ఊరంతా ఏమంటున్నా, నా మాట కోసం ఆగిన మనిషి ఆమె. నేను రెండు వైపులా తప్పించుకోవడానికి వాడిన మాట, ఆమె చెవిలో "వద్దు" అయింది. అబద్ధపు మెసేజ్ పంపినవారిని నేను ఎన్నిసార్లు విమర్శించానో! నేను మెసేజ్ పంపలేదు. చెప్పవలసిన మాట మింగేశాను. ఫలితం ఒకటే.

ఆ వారమే మండల కేంద్రంలోని పీహెచ్‌సీకి వెళ్లి డాక్టరమ్మ దగ్గర కూర్చొని నా సందేహాలన్నీ అడిగాను. సిగ్గుపడకుండా అడిగాను. ఆమె విసుక్కోకుండా చెప్పింది. టీకా వేసుకున్నా వ్యాధి రావచ్చని, అయితే ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం చాలా తగ్గుతుందని, వేసుకున్నాక ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు ఉండవచ్చని, ఎవరు ముందుగా డాక్టరుతో మాట్లాడాలో కూడా చెప్పింది. ఆ తర్వాత నా వంతు రాగానే టీకా వేసుకొని, రెండు రోజులు జ్వరంతో పడుకొని, ఆ జ్వరం సంగతి కూడా దాచకుండా మన సంఘం గ్రూపులో పెట్టాను. ఆ వారం పదిమందికి పైగా ఫోన్ చేశారు. వారిలో ఒక్కరు కూడా టీకా ఎట్లా పనిచేస్తుందని అడగలేదు. అందరూ అడిగింది ఒక్కటే: "ఇప్పుడెట్లున్నది అయ్యగారూ, మంచిగనే ఉన్నరా?"

మనం చేసుకున్న ఒప్పందం

మందిరం తెరిచాక సంఘ పెద్దలం కూర్చొని కొన్ని మాటలు అనుకున్నాం. కొత్తగా చేరినవారి కోసం మళ్లీ రాస్తున్నాను.

ఆరోగ్యం గురించి ఏ మెసేజ్ వచ్చినా ముందుగా అడగాలి: ఇది చెప్పింది ఎవరు? పేరు ఉందా? ఎప్పటిది? రేపు ఇది తప్పని తేలితే జవాబు చెప్పడానికి ఆ మనిషి మన ముందుకు వస్తాడా? పేరులేని మాటను మన చేయి దాటనివ్వకూడదు. పొరపాటున పంపితే, పంపిన చోటే "నేను పంపింది తప్పు" అని రాయాలి. తొలగిస్తే చాలదు. చదివినవారి మనసులోంచి అది పోదు గదా.

జబ్బు చేసినప్పుడు ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను, పీహెచ్‌సీ డాక్టరును అడగాలి. రాత్రివేళ అయితే 104కు ఫోన్ చేయాలి, ప్రాణాపాయమైతే 108కి. ఊరి ఆర్ఎంపీని చాలామంది ముందుగా పిలుస్తారని నాకు తెలుసు. పిలిచినా, ఆయాసం, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం ఉంటే అక్కడ ఆగవద్దు. నన్ను ప్రార్థనకు పిలవండి. తప్పక వస్తాను. అయితే అంబులెన్సును ఆపి నన్ను పిలవవద్దు. దారిలో ప్రార్థన చేసినా దేవుడు వింటాడు.

నన్ను ఏదైనా అడిగినప్పుడు నాకు తెలియకపోతే, "నాకు తెలియదమ్మా, డాక్టరును అడిగి బుధవారం కూటానికి జవాబు తెస్తాను" అంటాను. బుధవారం తేకపోతే నన్ను నిలదీయండి. ఆ హక్కు మీకు ఇస్తున్నాను.

బెరయ పట్టణంవారిని అపొస్తలుల కార్యములు మెచ్చుకుంటుంది. పౌలు వంటి సేవకుడు చెప్పినా, అది నిజమా కాదా అని వారు ప్రతిరోజూ పరిశీలించి చూసుకున్నారు. అట్లా పరిశీలించడం అవిశ్వాసమని లేఖనం అనలేదు. ఘనత అంది. పౌలునే పరిశీలించినవారు మెచ్చుకోదగినవారైతే, ఫోనులో వచ్చిన వెల్లుల్లి నీళ్ల చిట్కాను పరిశీలించడానికి మనకేం మొహమాటం?

ఆ పెద్దమ్మ ఇప్పుడు బాగుంది. మెట్లెక్కితే కొంచెం ఆయాసపడుతుంది. ఆరాధనకు మాత్రం అందరికంటే ముందే వస్తుంది. మొన్న మన ఊరి వీధిలో డెంగీ జ్వరాలు వచ్చినప్పుడు, చెప్పులు వేసుకుంటూ మళ్లీ అదే చోట ఆగి అడిగింది: "అయ్యగారూ, బొప్పాయి ఆకు రసం తాగితే తగ్గుతదంటున్రు, నిజమేనా?" నాకు తెలియదని చెప్పాను. డాక్టరమ్మను అడిగి, ఆ సాయంత్రమే ఆమె ఇంటికి వెళ్లాను. రసం మీద ఆధారపడవద్దని, రక్త పరీక్ష చేయించుకోవాలని, నీళ్లు బాగా తాగాలని, ఇంటి చుట్టూ నీరు నిలవకుండా చూడాలని డాక్టరమ్మ చెప్పిన మాటలు అప్పగించాను.

ఆమె నవ్వి అంది, "ఈసారి వచ్చి చెప్పిన్రు."

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా నాలుకకు, మా వేళ్లకు కావలి పెట్టు. తెలియని చోట తెలియదని ఒప్పుకునే ధైర్యం, తెలిసిన చోట దాచకుండా చెప్పే ప్రేమ మాకు దయచేయి. గడపగడపకు తిరిగే ఆశా అక్కలను, నర్సులను, డాక్టర్లను కాపాడు. మా పొరుగువారి మీద మేము మోపిన అబద్ధపు నిందలను క్షమించు. యేసు నామమున, ఆమెన్.